పెట్టెలోది వేరు, మగ్గం మీదిది వేరు

(నల్గొండలో డిగ్రీ విద్యార్థుల ఎదుట కంప్యూటర్ ర్యామ్ గురించి చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

సార్లకు, మేడమ్‌లకు నమస్కారం. పిల్లలూ, కూర్చోండి. ఫ్యాన్ల చప్పుడుకు వెనక బెంచీల దాకా నా గొంతు రాకపోతే చెయ్యి ఎత్తండి, ఇంకొంచెం గట్టిగా మాట్లాడతాను.

నేను పాఠాలు చెప్పేవాడిని కాను. ప్రకాశం బజారు దగ్గర ఇరవై రెండేళ్లుగా కంప్యూటర్లు, ల్యాప్‌టాప్‌లు రిపేరు చేస్తున్నాను. మొన్న మీ సార్ షాపుకు వచ్చి, "మా పిల్లలు పరీక్షలో ర్యామ్ డెఫినిషన్ రాసి మార్కులు తెచ్చుకుంటారు. ర్యామ్ ముక్క చేతికిస్తే మాత్రం ఎటు నుంచి పెట్టాలో తెలియదు. ఒకసారి వచ్చి చెప్పు" అన్నారు. అందుకని ఒక పాత సీపీయూ, అంటే కంప్యూటర్ డబ్బా కూడా తెచ్చాను. చివర్లో దాన్ని మీతోనే విప్పిస్తాను.

ముందు ఒక సంగతి చెప్పాలి. నాలుగేళ్ల కింద చండూరు వైపు నుంచి ఒక పెద్దాయన ఫోన్ పట్టుకొని నా షాపుకు వచ్చాడు. "బిడ్డా, ఈ ఫోను ఆగి ఆగి నడుస్తుంది. మెమరీ నిండిందని ఎవరో చెప్తే ఫొటోలన్నీ తీసేసిన. అయినా గట్లనే ఉంది" అన్నాడు. చూశాను. 64 జీబీ స్థలం ఉన్న ఫోన్ అది. ఫొటోలు తీసేయక ముందు కూడా అందులో సగం ఖాళీగానే ఉండేది. ఇరుకు అక్కడ లేదు. ఆ ఫోన్ ర్యామ్ 2 జీబీ, ఆయన వాడే యాప్‌లకు అది చాలడం లేదు. తీసేసిన ఫొటోల్లో కూతురి పెళ్లివి ఉన్నాయి. వాటికి ఇంకెక్కడా కాపీ లేదు. రెండు రోజులు కూర్చున్నా నేను ఒక్కటి కూడా తిరిగి తీయలేకపోయాను.

మెమరీ అనే ఒకే మాటను రెండు వేర్వేరు వస్తువులకు వాడటం వల్ల ఆయన కూతురి పెళ్లి ఫొటోలు పోయాయి. అది నా మనసులో ఇంకా మెదులుతూనే ఉంది. నేనీ రోజు చెప్పేదంతా ఆ రెండింటి మధ్య తేడా గురించే.

మన మాటల్లో ఆ తేడా ముందు నుంచీ ఉంది. మా అవ్వ "యాదికొచ్చింది" అనేది, "మతికి లేదు" అనేది. చిన్నప్పటి సంగతులు యాదిలో ఉంటాయి. పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మతికి ఉండాలి. పాలు దించాక ఆ సంగతితో పని లేదు, మరిచిపోయినా నష్టం లేదు. కంప్యూటర్‌లో ర్యామ్ అంటే ఆ మతి.

నేను పుట్టింది నేత ఇంట్లో. మాది గట్టుప్పల్. మా నాయన గుంట మగ్గం మీద నేసేవాడు, అమ్మ రాట్నం తిప్పి కండెలు చుట్టేది. ఇంట్లో నూలు మూడు చోట్ల ఉండేది. మూలన పెట్టెలో కొంత. మగ్గం మీద సాగదీసిన పడుగు కొంత. నాయన కుడిచేతి పక్కన చిన్న గంపలో కండెలు. పెట్టెలో ఎంత నూలున్నా నేత నడవదు. మగ్గానికి ఎక్కించినదే నేయగలడు, గంపలో అందినదే నాడెలో, అంటే పడుగు మధ్య అటూ ఇటూ పోయే చెక్కలో పెట్టగలడు.

కంప్యూటర్‌లో ప్రాసెసర్ అంటే మా నాయన చేతులు. హార్డ్ డిస్క్, ఎస్‌ఎస్‌డీ, పెద్దాయన ఫోన్‌లో ఆ 64 జీబీ, ఇవన్నీ పెట్టె. ర్యామ్ మగ్గం. ప్రాసెసర్ లోపలే క్యాష్ అని ఇంకొక చిన్న మెమరీ ఉంటుంది, అది కండెల గంప. మీరు వర్డ్ బొమ్మ మీద రెండుసార్లు క్లిక్ చేస్తే ముందు ఆ ప్రోగ్రామ్ పెట్టెలో నుంచి మగ్గం మీదికి రావాలి. ఆ తర్వాతే ప్రాసెసర్ దాన్ని ముట్టుకోగలదు. తెర మీద గోళీ తిరుగుతూ ఉంటుంది చూడండి, ఆ సేపంతా మోత పనే జరుగుతోంది.

ఒక్క చోట ఈ పోలిక కుదరదు, అది కూడా చెప్పాలి. మగ్గానికి ఎక్కిన నూలు ఇక పెట్టెలో ఉండదు. కంప్యూటర్‌లో పెట్టెలోది పెట్టెలోనే ఉంటుంది, దాని నకలు మగ్గం మీదికి వస్తుంది. మీరు ఫైల్ తెరిచి నాలుగు పేజీలు కొత్తగా టైప్ చేస్తే ఆ నాలుగు పేజీలు నకలులోనే ఉంటాయి. సేవ్ నొక్కితేనే పెట్టెలోకి పోతాయి.

ఇది నాకు ఎట్లా తెలిసిందంటే, రిపేరు పని నేర్వకముందు ఒక డీటీపీ షాపులో టైపింగ్ చేసేవాడిని. ఎండాకాలం. ఒక స్కూలుకు క్వశ్చన్ బ్యాంకు చేస్తున్నాం. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా తెలుగులో టైప్ చేశాను, తల ఎత్తలేదు, సేవ్ నొక్కలేదు. కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమని ఒక్కసారి అరిచి చచ్చిపోయింది. దాని బ్యాటరీ ఎప్పుడో పోయినా ఆ షాపువాళ్లు మార్చలేదు. కరెంటు వచ్చాక తెరిచి చూస్తే నిన్నటి పేజీల దగ్గరే ఉంది. ఆ రోజు నాకు కూలి ఇవ్వలేదు. కంప్యూటర్ ఇంతసేపు నా టైపింగ్‌ను ఎక్కడ పెట్టుకుంది, అదంతా ఎక్కడికి పోయింది అని రాత్రంతా ఆలోచించాను. ఈ పనిలోకి నేను వచ్చింది ఆ ప్రశ్నతోనే.

జవాబు కోసం మనం ర్యామ్ చిప్ లోపలికి పోవాలి.

కంప్యూటర్‌కు తెలిసినవి ఒకటి, సున్న. దీన్ని మనవాళ్లకు నేర్పక్కర్లేదు. పోచంపల్లిలో, పుట్టపాకలో చిటికి కట్టేవాళ్లను చూశారు కదా. నేయకముందే దారాలకు సైకిల్ ట్యూబు ముక్కలతో కట్లు కడతారు. కట్టు ఉన్నచోట రంగు ఎక్కదు, లేనిచోట ఎక్కుతుంది. చీర మీద వచ్చే ఏనుగు, చిలక అన్నీ ముందే దారం మీద కట్టు ఉందా లేదా అన్న లెక్కగా ఉంటాయి. బిట్ అంటే అదే, ఉందా లేదా అన్న ఒక్క జవాబు.

పాతకాలం కంప్యూటర్ల మెమరీ నిజంగానే నేసిన మెమరీ. పోలిక కోసం చెప్పడం లేదు. 1950ల నుంచి ఇరవై ఏళ్లకు పైగా ప్రపంచమంతా వాడింది మాగ్నెటిక్ కోర్ మెమరీ. ఆవగింజంత ఉంగరాలు, ఒక రకం అయస్కాంత పదార్థంతో చేసినవి. వాటి గుండా నిలువున కొన్ని తీగలు, అడ్డంగా కొన్ని తీగలు. అచ్చం పడుగు, పేక. ఏ నిలువు తీగలో, ఏ అడ్డ తీగలో కరెంటు పంపామో ఆ రెండూ కలిసే చోట ఉన్న ఉంగరం ఒక్కటే అయస్కాంతపు దిశ మార్చుకుంటుంది. ఒక దిశ ఒకటి, ఇంకో దిశ సున్న. అమెరికాలో ఎంఐటీలో జే ఫారెస్టర్ బృందం 1953లో వర్ల్‌విండ్ అనే కంప్యూటర్‌లో దీన్ని పెట్టింది. మన దేశంలో 1960లో ముంబైలో పని మొదలుపెట్టిన టిఫ్రాక్ కంప్యూటర్‌లో కూడా ఇట్లాంటి మెమరీయే, 2,048 పదాలు పట్టేది. పదం అంటే ఇక్కడ కంప్యూటర్ ఒక్కసారి పట్టుకునే బిట్ల గుంపు. ఆ ఉంగరాల్లో తీగలు దూర్చే పని ఎక్కువగా ఆడవాళ్లు చేసేవాళ్లు, భూతద్దాల కింద, సూదులతో.

చంద్రుడి మీదికి మనుషులను తీసుకుపోయిన అపోలో కంప్యూటర్‌లో రెండు రకాల మెమరీ ఉండేది. ఒకటి ఎప్పటికీ మారనిది, 36,864 పదాలు. దాన్ని తాడులాగా నేసేవాళ్లు. తీగ ఉంగరంలో నుంచి పోతే ఒకటి, పక్క నుంచి పోతే సున్న. అమెరికాలో బట్టల మిల్లుల్లో పనిచేసిన అనుభవం ఉన్న ఆడవాళ్లు కూడా ఆ పని చేశారు. ఒక్క తీగ తప్పు పోతే ప్రోగ్రామ్ తప్పు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు మా అమ్మ చేతులు గుర్తుకొచ్చాయి. ఆసు పోసే చేతులవి, అంటే నేయకముందు దారాన్ని గూటాల చుట్టూ తిప్పే చేతులు. మన ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఒక చీరకు వేలసార్లు చెయ్యి తిప్పే పని అది. చంద్రుడి దాకా పోయిన లెక్క కూడా అట్లాంటి చేతుల మీదుగానే పోయింది.

అపోలోలో రెండో మెమరీ చిన్నది, 2,048 పదాలు. చెరిపి రాసుకునేది, అంటే మనం చెప్పుకుంటున్న మతి. ఇప్పటి లెక్కలో 4 కేబీ. దాని కథ మళ్లీ చెప్తాను, మరిచిపోతే అడగండి.

ఇప్పటి ర్యామ్‌లో ఉంగరాలు లేవు. ఐబీఎంలో పనిచేసే రాబర్ట్ డెనార్డ్ అనే ఇంజినీరుకు 1966 చివర్లో ఒక ఆలోచన వచ్చింది, 1968లో పేటెంటు వచ్చింది. ఒక బిట్టుకు ఒక చిన్న కెపాసిటర్, దానికి తలుపులాగా ఒక ట్రాన్సిస్టర్. అంతే. కెపాసిటర్ అంటే విద్యుత్తు పట్టే చిన్న కుండ అనుకోండి. నిండి ఉంటే ఒకటి, ఖాళీ అయితే సున్న. తలుపు తెరిస్తే లోపల ఏముందో తెలుస్తుంది. కుండలన్నీ మళ్లీ అడ్డంగా, నిలువుగా వరుసల్లోనే ఉంటాయి. పడుగూ పేకా పోలేదు, కంటికి కనిపించనంత సన్నబడ్డాయి.

మీ ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ఉందనుకోండి. కుండలు ఎన్ని? 6,871 కోట్లకు పైగా. భూమ్మీద ఉన్న ప్రతి మనిషికీ ఎనిమిదేసి పంచవచ్చు. అవన్నీ మీ వేలి గోరంత చిప్పుల్లో ఉన్నాయి.

ఇక్కడ అసలు విషయం వస్తుంది. ఆ కుండ ఓటికుండ. దాంట్లో పట్టేదే కొన్ని పదివేల ఎలక్ట్రాన్లు, అవి కూడా కారిపోతూ ఉంటాయి. ఊరికే వదిలేస్తే నిండుకుండ ఏదో, ఖాళీకుండ ఏదో తెలియకుండా పోతుంది. ఇంకొక కష్టం కూడా ఉంది. ఏముందో చూద్దామని తలుపు తెరిస్తే, ఆ చూడటంలోనే కుండ ఖాళీ అవుతుంది. అందుకని చదివిన ప్రతిసారీ చదివినదాన్ని మళ్లీ నింపాలి. ఎవరూ చదవకపోయినా, చాలా కంప్యూటర్లలో ప్రతి వరుసనూ 64 మిల్లీసెకన్లలోపు ఒకసారి తెరిచి, చూసి, మళ్లీ నింపాలి. దీన్నే రిఫ్రెష్ అంటారు. సెకనుకు పదిహేనుసార్లకు పైనే. నేను ఇక్కడ గంటసేపు మాట్లాడితే, ఈ లోపల అట్లాంటి కంప్యూటర్‌లో ప్రతి కుండనూ దాదాపు 56 వేలసార్లు నింపడం జరుగుతుంది. ఈ ఓటికుండల ర్యామ్ పేరు డీర్యామ్, ముందున్న డీ అక్షరం డైనమిక్. కదలకుండా కూర్చున్నట్టు కనిపించే ఆ చిప్, తనకు అప్పగించిన మాటను మరిచిపోకుండా ఉండటానికి అంత కష్టపడుతుంది.

నా నాలుగు గంటల టైపింగ్ ఎక్కడికి పోయిందో ఇప్పుడు తెలిసింది కదా. కరెంటు పోగానే నింపే చెయ్యి ఆగింది. కుండలు కారిపోయాయి. ఎవరూ చెరపలేదు.

కారడం ఎండకు ఎక్కువవుతుంది. చిప్ వేడి 85 డిగ్రీలు దాటితే 64 మిల్లీసెకన్లు చాలవు, 32కే నింపాలి. మే నెలలో మన నల్గొండ ఎండ మీకు చెప్పక్కర్లేదు. రేకుల షెడ్డులో, దుమ్ము పట్టిన ఫ్యాన్‌తో నడిచే సీపీయూలు ఎండాకాలంలోనే ఎక్కువగా నా షాపుకు వస్తాయి. మీ ఇంట్లో సీపీయూ ఉంటే ఉగాదికి ముందే ఒకసారి దుమ్ము కొట్టించండి. చలిలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. 2008లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ పరిశోధకులు ర్యామ్ ముక్కను మైనస్ 50 డిగ్రీల దాకా చల్లబరిచి, కంప్యూటర్‌లో నుంచి పీకి చూస్తే నిమిషాల తర్వాత కూడా అందులో రహస్య సంకేతాలు అట్లనే ఉన్నాయి. కరెంటు తీస్తే అంతా వెంటనే పోతుందని నమ్మేవాళ్లకు అది పెద్ద హెచ్చరిక అయింది.

ఇంకొక సంగతి, మన జిల్లాకు దగ్గరిది. సాగర్ పక్కన లంబాపురం, పెద్దగట్టులో యురేనియం ఉందని మీకందరికీ తెలుసు. దాని తవ్వకాల మీద ఎంత గొడవ జరిగిందో మీ ఇళ్లలో పెద్దవాళ్లను అడగండి. ర్యామ్‌కు కూడా యురేనియం తగిలింది. 1970ల చివర్లో ఇంటెల్ మెమరీ చిప్పుల్లో బిట్లు ఉన్నట్టుండి మారిపోతున్నాయి. చిప్ చెడిపోలేదు, మళ్లీ రాస్తే బాగానే ఉంటుంది. వెతికితే, చిప్ చుట్టూ ఉన్న పింగాణీ డబ్బాలో లేశమంత యురేనియం, థోరియం ఉన్నాయి. వాటి నుంచి వచ్చే ఆల్ఫా కణం ఒక్కటి వచ్చి తగిలితే చాలు, కుండలో లెక్క తప్పుతుంది. టిమోతీ మే, ముర్రే వుడ్స్ అనే ఇద్దరు దీన్ని కనిపెట్టారు. అప్పటి నుంచి డబ్బాల పదార్థాన్ని శుద్ధిచేయడం మొదలైంది. ఆకాశం నుంచి వచ్చే కణాలను మాత్రం ఎవరూ ఆపలేరు. అందుకే బ్యాంకుల్లో, పెద్ద సర్వర్లలో ఈసీసీ అనే ర్యామ్ పెడతారు. ప్రతి 64 బిట్లకు తోడు ఇంకో 8 బిట్లు కాపలా ఉంటాయి. ఒక్క బిట్టు తప్పితే అవి లెక్కగట్టి సరిచేస్తాయి.

సరే, లోపలి కథ చాలు. ఎంత ర్యామ్ కావాలి? ఇది అందరూ నన్ను అడిగే ప్రశ్న.

ముందు దేనికి ఎంత పడుతుందో చూడండి. నల్గొండ అని తెలుగులో రాస్తే కంప్యూటర్ లెక్కలో ఏడు అక్షరాలు, ఒత్తులు గుణింతాలు విడివిడిగా. వెబ్‌పేజీల్లో వాడే యూటీఎఫ్-8 అనే రాత పద్ధతిలో తెలుగు అక్షరానికి 3 బైట్లు, మొత్తం 21. బైట్ అంటే ఎనిమిది బిట్లు. ఇంగ్లిషులో అదే పేరుకు 8 బైట్లు. మన లిపికి చోటు ఎక్కువే పడుతుంది, కానీ భయపడొద్దు. రాత వల్ల ర్యామ్ నిండదు, బొమ్మల వల్ల నిండుతుంది.

మీ ఫోన్‌లో తీసిన ఫొటో 4 ఎంబీ అని చూపిస్తుంది. అది మడతపెట్టి పెట్టెలో పెట్టిన చీర. తెరిచి చూడాలంటే మడత విప్పాలి. 12 మెగాపిక్సెల్ ఫొటో అయితే కోటీ ఇరవై లక్షల చుక్కలు, చుక్కకు 4 బైట్లు, అంటే ర్యామ్‌లో 48 ఎంబీ. పెట్టెలో 4, మగ్గం మీద 48. మా క్లాక్ టవర్ దగ్గర ఫ్లెక్సీలు చేసే తమ్ముడు ఒకడున్నాడు. ఎలక్షన్లప్పుడు రాత్రింబగళ్లు పని. వాడి కంప్యూటర్ 4 జీబీ. పది అడుగులకు ఎనిమిది అడుగుల ఫ్లెక్సీ, అంగుళానికి 72 చుక్కలు పెట్టుకున్నా ఆరు కోట్ల చుక్కలు. ప్రింటింగ్ రంగులు నాలుగు కాబట్టి చుక్కకు 4 బైట్లు, దాదాపు 240 ఎంబీ. అది ఒక్క పొర. నాయకుడి ఫొటో ఒక పొర, వెనక రంగు ఒక పొర, దండ ఒక పొర, కార్యకర్తల ఫొటోలు ఇంకో పొర. పైగా తప్పు పోతే వెనక్కి పోవడానికి పాత రూపాలను కూడా గుర్తు పెట్టుకోవాలి. 4 జీబీ ఏ మూలకు? కొత్త కంప్యూటర్ కొంటానని అప్పు చేయడానికి తయారయ్యాడు. వద్దని, 8 జీబీ ముక్క ఒకటి తోడు పెట్టాను. అదే కంప్యూటర్ మీద ఇప్పటికీ పని చేస్తున్నాడు.

ర్యామ్ నిండితే ఏం జరుగుతుంది? ఇక్కడే అపోలో కథ. 1969 జులై 20. చంద్రుడి మీదికి దిగుతున్నారు. తెర మీద 1202 అనే నంబరు వెలిగింది. ఏమిటంటే, దిగడానికి అక్కర్లేని ఒక రాడార్ నుంచి పనికిరాని సంకేతాలు వస్తూ కంప్యూటర్ సమయం తినేస్తున్నాయి. ఒక పని పూర్తికాకముందే ఇంకో పని వస్తుంది. ప్రతి పనికీ ఆ చిన్న మెమరీలో ఒక గడి కావాలి. పాత పనులు గడులు ఖాళీ చేయలేదు, కొత్త పనికి గడి లేదు. 1202 అంటే గడులు అయిపోయాయి అని. మార్గరెట్ హామిల్టన్ నడిపించిన బృందం ఆ ప్రోగ్రామ్‌ను ముందే ఎట్లా రాసిందంటే, అట్లాంటప్పుడు కంప్యూటర్ తనంతట తాను మళ్లీ మొదలై, ముఖ్యమైన పనులను పట్టుకొని మిగతావి వదిలేస్తుంది. దిగే పనిని అది వదల్లేదు. మనుషులు క్షేమంగా దిగారు. 4 కేబీతో! నేను ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా నా ఒళ్లు పులకరిస్తుంది.

మీ కంప్యూటర్ అట్లా వదిలేయదు. మొహమాటపడి అన్నీ పట్టుకోవాలని చూస్తుంది. మగ్గం మీద చోటు లేకపోతే, కాసేపటి నుంచి ముట్టని దాన్ని తీసి పెట్టెలో దాస్తుంది. మళ్లీ కావాలంటే పెట్టెలో నుంచి తీసి, దాని చోటు కోసం ఇంకోదాన్ని దాస్తుంది. దీనికి స్వాప్ అని పేరు. ఎప్పుడో ఒకసారి అయితే మనకు తెలియను కూడా తెలియదు. చాలా ఇరుకైతే మాత్రం నేత ఆగిపోయి, పెట్టెకూ మగ్గానికీ మధ్య పరుగే మిగులుతుంది. పాత హార్డ్ డిస్క్ కరకరమని శబ్దం చేస్తూ, మౌసు కదలకుండా ఉంటుంది చూడండి, అదే.

ఎందుకంత నెమ్మది? ర్యామ్ నుంచి ఒక మాట తేవడానికి సుమారు 100 నానో సెకన్లు. ఆ సంఖ్య మన బుద్ధికి అందదు కాబట్టి దాన్ని ఒక నిమిషం అనుకుందాం. అప్పుడు క్యాష్ నుంచి తేవడానికి ఒక సెకను కూడా పట్టదు, పక్కనున్న కండె అందుకున్నట్టు. ఎస్‌ఎస్‌డీ నుంచి అయితే పదహారు, పదిహేడు గంటలు. పొద్దున పోయి, హైదరాబాదులో పని చూసుకొని, ఆఖరి బస్సుకు ఇల్లు చేరినట్టు. తిరిగే హార్డ్ డిస్క్ నుంచి అయితే 69 రోజులు. పెసర విత్తనం వేస్తే పంట చేతికొచ్చేంత కాలం! నాయన మగ్గం మీద కూర్చొని ఒక దారం కోసం పెసర పంట కాలం ఎదురుచూడాలి. పాత కంప్యూటర్ తెచ్చి "ఏం చేయమంటావన్నా" అంటే, హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టించుకో, చేతిలో ఇంకా డబ్బుంటే ర్యామ్ పెంచుకో అని నేను చెప్పేది ఇందుకే.

ఫోన్ల అడ్వర్టైజ్‌మెంట్లలో 8 ప్లస్ 8, మొత్తం 16 జీబీ ర్యామ్ అని రాస్తున్నారు. మొదటి 8 ర్యామ్. రెండో 8 మీ పెట్టెలో నుంచి తీసి స్వాప్‌కు ఇచ్చిన చోటు. ఒకటి నిమిషం, ఇంకొకటి పదహారు గంటలు. రెండింటినీ కూడి చెప్పడం నాకు నచ్చదు, కొనేటప్పుడు మీరు మొదటి అంకెనే చూడండి.

అట్లాగే, ఫోన్‌లో ర్యామ్ ఖాళీ లేదని టెన్షన్ పడి, అన్ని యాప్‌లనూ మాటిమాటికీ పైకి తోసేసే అలవాటు చాలామందికి ఉంది. ఖాళీగా ఉన్న మగ్గం కూడు పెట్టదు. ఆండ్రాయిడ్ కావాలనే వాడిన యాప్‌లను ర్యామ్‌లో ఉంచుతుంది, మళ్లీ తెరిస్తే వెంటనే రావాలని. చోటు అవసరమైతే పాతదాన్ని అదే తీసేస్తుంది. మీరు తోసేసి మళ్లీ తెరిస్తే మోత పని మళ్లీ మొదటి నుంచి. బ్యాటరీ దానికే పోతుంది. క్లీనర్ యాప్‌ల సంగతి కూడా అంతే, అవే ఒక యాప్ చోటు తింటాయి.

కంప్యూటర్‌లో చూడాలంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ చూడండి. మీరు రోజూ చేసే పనులన్నీ తెరిచి పెట్టుకుని చూడాలి, ఖాళీ కంప్యూటర్‌ను చూస్తే లాభం లేదు. అప్పుడు ఎప్పుడూ 90 శాతం మీద ఉంటే ర్యామ్ చాలడం లేదని లెక్క.

ర్యామ్ ముక్కల్లో డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 అని తరాలున్నాయి, కొనేటప్పుడు మీ బోర్డుకు ఏది పడుతుందో ముందే చూసుకోండి. ఒకదాని గాటు ఇంకోదాని స్లాటులో పడదు, కావాలనే అట్లా చేశారు. బలవంతంగా నొక్కి స్లాటు విరగ్గొట్టిన వాళ్లు నాకు తెలుసు. ల్యాప్‌టాప్ ముక్క పొట్టిగా ఉంటుంది. కొన్ని సన్నటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకునే దారి ఉండదు. అట్లాంటిది కొంటే మొదటిసారే 16 జీబీది కొనండి. 32 బిట్ విండోస్ ఉన్న పాత కంప్యూటర్‌లో 8 జీబీ పెట్టి, 3 చిల్లర జీబీయే చూపిస్తుందని మోసపోయినట్టు బాధపడేవాళ్లున్నారు. మెమరీలో ఒక్కో బైటుకు ఒక ఇంటి నంబరు ఉండాలి, 32 బిట్లతో ఇవ్వగలిగిన నంబర్లు 4,29,49,67,296. అంటే 4 జీబీ. అందులోనూ కొన్ని నంబర్లు వేరే భాగాలకు పోతాయి. నంబరు లేని ఇంటికి ఉత్తరం పోదు కదా.

ఏమ్మా, చెయ్యి ఎత్తావు? చెప్పు.

"అంకుల్, కరెంటు పోయినా మరిచిపోని ర్యామ్ చేయొచ్చు కదా?" మంచి ప్రశ్న. ఉంగరాల మెమరీ అట్లాంటిదే, కరెంటు పోయినా మరిచిపోయేది కాదు. ఇప్పుడు కూడా అట్లాంటివి ఉన్నాయి, ఎంర్యామ్ అని ఒకటి మళ్లీ అయస్కాంతం మీదే పనిచేస్తుంది. కానీ ఇంత తక్కువ ధరకు, ఇంత చిన్న చోటులో, ఇన్ని కోట్ల బిట్లు పెట్టాలంటే ఓటికుండను మించినది ఇంకా రాలేదు. మాటిమాటికీ నింపే శ్రమకు ఒప్పుకొని ధర తగ్గించుకున్నారు. ఆరు ట్రాన్సిస్టర్లతో చేసే ఎస్‌ర్యామ్ ఉంది, కరెంటు ఉన్నంతసేపు నింపే పని లేదు, వేగం ఎక్కువ. క్యాష్‌లో వాడేది అదే. ఒక బిట్టుకు ఆరు కాబట్టి గంపంతే చేయగలరు, మగ్గమంత చేస్తే కొనలేం.

ఇక ఈ సీపీయూ దగ్గరికి ఒక్కొక్కరు రండి. ఆన్ చేస్తే మూడు బీప్‌లు కొట్టి ఆగిపోతుంది, తెర రాదు. వినండి. ఈ బోర్డు భాషలో దాని అర్థం ర్యామ్ అందడం లేదని. చాలాసార్లు చిప్ బాగానే ఉంటుంది, బంగారు రంగు కాళ్ల మీద మసి పడుతుంది, అంతే. నువ్వు రా బాబూ. ముందు ప్లగ్గు పీకు. స్విచ్ ఆపితే చాలదు, పీకు. పవర్ బటన్‌ను నాలుగైదు సెకన్లు నొక్కి పట్టుకో, లోపల మిగిలిన కరెంటు పోతుంది. ఇప్పుడు ఇనుప డబ్బాను చేత్తో ముట్టుకో, నీ ఒంట్లో ఉన్న స్థిర విద్యుత్తు దానికి పోవాలి. లేకపోతే ఆ చిప్పుకు ప్రమాదం. రెండు వైపుల క్లిప్పులూ ఒకేసారి బయటికి తొయ్యి. చూశావా, ముక్క దానంతట అదే పైకి లేచింది. అంచులు పట్టుకో, కాళ్లు ముట్టుకోవద్దు. అమ్మా, నీ పెన్సిల్ డబ్బాలో రబ్బరు ఉందా? కొత్తది, తెల్లది అయితే మంచిది. పైనుంచి కిందికి మెల్లగా రుద్దు, రెండు వైపులా. పొడి ఊది పారేయకు, నోటి తడి తగులుతుంది, గుడ్డతో తుడువు. ఇప్పుడు గాటు చూసి పెట్టు, రెండు బొటనవేళ్లతో సమంగా నొక్కు. టక్కుమని రెండు వైపులా వినిపించాలి.

వినిపించింది కదా. ప్లగ్గు పెట్టి ఆన్ చెయ్యి.